కాటా అంచు మీద నా కాలు

పదేళ్లు దాటింది. ఇన్నేళ్లూ ఈ సంగతిని నాలోనే దాచుకుని తిరిగాను. మా ఆయనకు చెప్పలేదు. మా అమ్మ పోయేదాకా ఆవిడకూ చెప్పలేదు. గుడికి వెళ్లి దేవుడి ముందు నిలబడినప్పుడు కూడా వేరే కోరికలు కోరుకుని వచ్చేశాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. పేర్లు మాత్రం రాయను. నా కూతుర్ని పాప అంటాను. పెళ్లి కుదిరిన పిల్లే అయినా ఇంట్లో ఇప్పటికీ అలాగే పిలుస్తాం.

ఏదో చిన్న తప్పు, ఆడవాళ్లు ఊరికే పెద్దది చేసుకుంటారు అనుకోకండి. నేనూ చాలాకాలం చిన్నదే అనుకున్నాను. కిందటి నెల దాకా అలాగే అనుకున్నాను.

మేం పోర్ట్‌బ్లెయిర్‌లో, జంగ్లీఘాట్‌లో ఉంటాం. మా మామగారి తండ్రి శ్రీకాకుళం తీరం నుంచి వేటకని వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మా ఆయన డోంగీ మీద, అంటే చిన్న ఇంజను పడవ మీద, వేటకు వెళ్తాడు. నేను తెల్లవారేసరికి రేవులో ఉంటాను. మా పడవలో పడినవి చాలకపోతే వేరే పడవల చేపలు ట్రేలతో మా ఇంటికి తెప్పించి, తూచి కొంటాను. కొన్ని హోటళ్లకు పోతాయి. మిగిలినవి గంపలో పెట్టుకుని డైరీ ఫార్మ్ అనే పేట వీధుల్లో అమ్ముకుని వస్తాను. బేరంలో నాతో నెగ్గినవాళ్లు తక్కువ. నోరు పెద్దది. అప్పట్లో ఒళ్లూ పెద్దదే.

మా వరండాలో పెద్ద కాటా ఉండేది. ట్రేలు తూచే కాటా. కింద ఇనప పలక, దానికి ఒక కమ్మీ, కమ్మీ చివర ఎర్రటి అంకెలు. దానితో ఒక విద్య ఉంది. ఆ విద్య ఏమిటో చెబితేగానీ నేను చేసింది మీకు అర్థం కాదు. పలక అంచును కాలి బొటనవేలితో అదిమి ఉంచి సున్నా మీట నొక్కాలి. ఆ అదుమును కూడా కలుపుకుని కాటా సున్నా చూపిస్తుంది. ట్రే పెట్టే క్షణంలో మెల్లగా కాలు తీసేస్తే, అదిమినంత బరువు తగ్గించి చూపిస్తుంది. మన కాటా మీద ఎదుటివాడి చేపలు కొనేటప్పుడు అది లాభం. చీర కుచ్చిళ్ల కింద కాలు ఎవరికీ కనపడదు, మా ఆయనకు కూడా. నేను ఎప్పుడూ చేయలేదని చెప్పను. చేశాను. దాన్ని తెలివి అనుకునేదాన్ని, సిగ్గుపడలేదు కూడా.

పాపకు అప్పుడు పదకొండేళ్లు. వయసుకు మించిన ఒళ్లు. మా వీధి ఎత్తు ఎక్కాలంటే రెండుసార్లు ఆగి రొప్పేది. బడిలో పిల్లలు మోటీ, అంటే లావుది, అని పిలిచేవాళ్లు. బడిలో వైద్య పరీక్షలు జరిగినప్పుడు పెద్దాసుపత్రికి తీసుకెళ్లమని మాకు చెప్పి పంపారు. ఏదో మాత్ర ఇస్తారు, తగ్గిపోతుంది అనుకుని వెళ్లాం.

డాక్టరమ్మ మాత్ర ఇవ్వలేదు. మా ముగ్గురినీ కూర్చోబెట్టి, ఇది పాపకు చేసే వైద్యం కాదు, మీ ఇంటికి చేసే వైద్యం అన్నారు. పాపకు వేరే కంచం, వేరే కూర ఉండకూడదట. అందరం ఒకటే తినాలట. పాప తాగకూడని రంగు నీళ్లు ఇంట్లో ఎవరూ తాగకూడదట. టీవీ ముందు కంచం పెట్టుకోకూడదట. తల్లీకూతుళ్లు రోజూ సాయంత్రం కలిసి నడవాలట. తిట్టకూడదు, వంకపేర్లు పెట్టకూడదు, బాగా చేస్తే మెచ్చుకోవాలి, ఆ మెచ్చుకోవడం మిఠాయితో కాకుండా బీచికి తీసుకెళ్లడంతోనో కలిసి ఆడడంతోనో ఉండాలి. వారానికోసారి ఇద్దరూ బరువు చూసుకోమన్నారు. అంకె కోసం కంగారు పడొద్దని కూడా అన్నారు. ఎదిగే పిల్ల కాబట్టి బరువు పెరగకుండా నిలిచినా చాలు, పొడవు పెరిగేకొద్దీ ఒళ్లు దానంతటదే సర్దుకుంటుంది అన్నారు. చివర నావైపు చూసి, అమ్మా, అన్నిటికన్నా ముందు మీరు మారాలి అన్నారు. నేను నవ్వేశాను.

మొదట్లో బాగానే సాగింది. మా ఆయన కూల్‌డ్రింకు సీసాలు మానేశాడు. తుష్నాబాద్ నుంచి పొద్దుటి బస్సులో ఆకుకూరలు తెచ్చి అమ్మే ఆడవాళ్ల దగ్గర రోజూ కొనేదాన్ని. వేపుళ్లు తగ్గించి పులుసులు పెట్టాను. కూరగాయలు తెచ్చే ఓడ ఆలస్యమై ధరలు మండిపోయిన వారం కూడా ఎలాగో నెట్టుకొచ్చాం. అందరికన్నా పట్టుదల పాపకే ఉండేది. సాయంత్రమయ్యేసరికి చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడేది, అమ్మతో నడకకు వెళ్లాలని. నేను కాళ్లు లాగుతున్నాయి, రేపు చూద్దాం అనేదాన్ని. అది కాసేపు చూసి, ఒక్కతే వీధి చివరిదాకా ఎక్కి దిగి వచ్చేది.

నా సంగతి? డైరీ ఫార్మ్‌లో గంప ఖాళీ కాగానే ఒక హోటల్లో కూర్చునేదాన్ని. పూరీ ఆలూ, ఆపైన సమోసాలు, పంచదార దండిగా వేసిన టీ. తెల్లవారకముందే లేచి రేవుకు పోయిన మనిషికి ఆకలి వెయ్యదా అని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని. ఇంటికొచ్చి అందరితో పాటు చిన్న కంచంలో తినేదాన్ని. బుద్ధిమంతురాలిలా. కాటా ఎక్కమంటే నాది తర్వాత చూద్దాంలే అనేదాన్ని. నేను ఒక్కసారి కూడా ఎక్కలేదు.

మంగళవారం చేపల బేరం తక్కువ. ఆ రోజు పాప బరువు చూసేవాళ్లం. కొన్ని వారాలు గడిచాయి. అంకె కదల్లేదు. పెరగనూ లేదు, తగ్గనూ లేదు. డాక్టరమ్మ చెప్పిన మాట చెవిన పడిందే గానీ మనసున పడలేదు. మాకు తూకమంటే ఎక్కువా తక్కువా, అంతే. ఎక్కడిదక్కడ ఉండిపోవడం కూడా మంచిదేనని మా బుర్రలకు ఎక్కలేదు. ఒక మంగళవారం మా ఆయనకు విసుగు పుట్టింది. ఇంటిల్లిపాదీ నోరు కట్టుకుంటే ఒక్క కిలో కూడా తగ్గకపోవడమేమిటి, ఎవరో చాటుగా తింటున్నారు అన్నాడు. దొరికిపోయాననుకున్నాను. తలెత్తి చూస్తే ఆయన పాపవైపు చూస్తున్నాడు. పాప తలదించుకుని నిలబడి ఉంది.

తర్వాతి మంగళవారం నేను కాలు పెట్టాను.

ఎందుకు? ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. పిల్లను తిట్లు తప్పించాలని, దాని ముఖంలో ఒక్క నవ్వు చూడాలని, ఇంత కష్టపడుతున్న పిల్లకు ఆ మాత్రం సంతోషం ఇస్తే పోయేదేముందని చేశాననుకునేదాన్ని. అదీ నిజమే. కానీ అంకె తగ్గితే చాటుగా తినేదెవరన్న ప్రశ్న మళ్లీ రాదని కూడా నాకు తెలుసు. ఏది ముందు తోచింది, ఏది వెనక తోచింది? కాలు పెట్టినప్పుడు ఏది అనుకుని పెట్టాను? గుర్తు తెచ్చుకోవాలని చూస్తే ప్రేమే ముందు గుర్తొస్తుంది. అలా గుర్తురావడం నాకు లాభం కాబట్టి దాన్ని నేను నమ్మను.

అర కిలో తగ్గినట్టు చూపించాను. పాప కేక పెట్టింది. నాన్నను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి అంకె చూపించింది. అది దిగేలోపే నేను స్విచ్ ఆపేశాను. లేకపోతే అంకె సున్నా కిందికి జారి గుట్టు బయటపడేది. ఆ సాయంత్రం మా ఆయన పాపను బీచికి తీసుకెళ్లాడు. తిరిగొచ్చాక అది నన్ను వాటేసుకుంది. ఒక్కసారేగా, వచ్చే వారం కాలు పెట్టను అనుకున్నాను.

ఒకసారి తగ్గించిన తూకం మళ్లీ పెంచడానికి లేదు. పెంచితే పాప ఏదో తినేసినట్టే. అందుకని వచ్చే వారం మళ్లీ పెట్టాను. ఆపై వారం ఇంకాస్త గట్టిగా అదిమాను. నా కాలు అదిమేకొద్దీ పాప చిక్కిపోతోంది, కాటా మీద. మా ఆయన వీధిలో అందరికీ చెప్పుకుంటున్నాడు. పాప పాటలు పాడుకుంటూ నడకకు వెళ్తోంది. మళ్లీ ఆసుపత్రికి వెళ్లాల్సిన వారం వచ్చేసరికి మా ఇంటి కాటా మీద పాప మూడు కిలోలు తగ్గింది. ఆసుపత్రిలో వేరే కాటా ఉంటుందన్న ఆలోచన నాకు రాలేదంటే మీరు నమ్ముతారా? రోజంతా తూకాల మీద బతికే మనిషిని. నాకు నిజంగా రాలేదు.

శుక్రవారం వెళ్లాం. పాప కొత్త గౌను వేసుకుంది. డాక్టరమ్మ అడగకముందే వెళ్లి మిషను ఎక్కింది. నేను గోడకు చేరబడి ఉన్నాను. అంకె చూశాను. మొదటిసారి వచ్చినప్పటి అంకే. డాక్టరమ్మ పాపను గోడ పక్కన నిలబెట్టి పొడవు కూడా చూశారు. ఆవిడ ముఖం వెలిగిపోయింది.

"శాబాష్ బేటా! వజన్ అక్కడే ఉంది, హైట్ పెరిగింది. బహుత్ అచ్ఛా. నాకు ఇదే కావాలి" అన్నారు, తనకు వచ్చిన తెలుగులో.

ఆ మెప్పు ఎవరికీ వినపడలేదు. మా ఆయన అంకెనే చూస్తున్నాడు. "నై మేడమ్. ఘర్‌లో మూడు కిలోలు తగ్గింది. మొన్న మంగలారమే నా కల్లతో సూసినాను."

డాక్టరమ్మ నావైపు తిరిగారు. "మీ ఇంటి కాటా ఠీక్ హై నా, అమ్మా?"

అప్పుడు చెప్పి ఉండాల్సింది. ఆవిడ మెల్లగానే అడిగారు. తలుపు తీసి పట్టుకున్నట్టుగా అడిగారు. నేను ఏమన్నానో విని మీరే చెప్పండి.

"ఠీకే మేడమ్. మా కాటా తప్పు సూపదు. దాని మీదే మా ధందా."

మా ఆయన పాప భుజం పట్టుకున్నాడు. "అయితే మంగలారం కాడ్నించి ఇయాల్టికి మూడు కిలోలు ఎలాగొచ్చినాయే? ఏటి తిన్నావు? సచ్ బోల్."

"నానేటీ తిన్లేదు నాన్నా. కసమ్ సే." పాప నావైపు చూసింది. "అమ్మా, నువ్వు సెప్పవే."

నేను చెప్పాను. "నిజం సెప్పేయమ్మా. నిన్నెవలూ కొట్టరు."

ఈ మాట అన్నది నేనే. ఆ గొంతు నాదే.

పాప నన్నే చూసింది. ఏడవలేదు. ఏదో లెక్క చేసుకుంటున్నట్టు నుదురు ముడుచుకుంది. అమ్మ అబద్ధం ఆడదు. కాటా అబద్ధం ఆడదు. మరి మిగిలిందెవరు? అప్పుడు మెల్లగా అంది. "తినేసుంటాను. యాద్ నహీ."

తినేసి ఉంటాను, గుర్తులేదు అంది. తినని పిల్ల.

డాక్టరమ్మ చాలా చెప్పారు. పిల్లను ఏమీ అనొద్దన్నారు, అంతా బాగానే జరుగుతోందన్నారు, మీ కాటాను ఒకసారి చూపించుకోమన్నారు. మా ఆయన తలూపాడు. నేను ఆటోలో పాప పక్కన కూర్చుని బయటికి చూస్తూ ఉండిపోయాను.

ఆ మర్నాడు పాప వంటింట్లోకి వచ్చింది. నేను నిద్రలో లేచి తింటున్నానేమో అమ్మా, వంటింటికి తాళం వేసేయ్, తాళంచెవి నాకు కనపడనీయకు అంది. నేను కత్తిపీట ముందు కూర్చుని ఉన్నాను. పిచ్చిపిల్లా, నువ్వేం తినలేదు అని నాలుక చివరిదాకా వచ్చింది. అయితే ఆ మూడు కిలోలు ఏమయ్యాయని అడుగుతుంది కదా. ఏం చెప్పాలి? సాయంత్రం బజారుకెళ్లి తాళం కొన్నాను. నా చేత్తోనే వేశాను. తాళంచెవి బొడ్లో దోపుకుని తిరిగాను, కొన్ని నెలలు. ఆ తాళం వెనక ఏ దొంగా లేదని ఇంట్లో నాకొక్కదానికే తెలుసు.

తర్వాత పాప బడిలో అన్నం డబ్బా తెరవడం మానేసింది. అన్నం పక్కపిల్లలకు పెట్టేసేది. ఒకరోజు ఎండలో ప్రార్థనకు నిలబడి పడిపోయిందని కబురొచ్చింది. ఎత్తుకొచ్చి పడుకోబెట్టాను. ఆసుపత్రి నుంచి కూడా కబురు వచ్చింది, డాక్టరమ్మ తీసుకురమ్మన్నారని. నేను వెళ్లలేదు. ఆవిడ వైద్యం మన పిల్లకు పడలేదని మా ఆయనతో చెప్పాను. ఆయన నమ్మాడు. నిజానికి నాకు ఆవిడ కళ్లంటే భయం. మళ్లీ ఒకసారి అదే ప్రశ్న అడిగితే నా ముఖం చెప్పేస్తుంది.

అసలు ఆ వైద్యం అప్పటికే పనిచేస్తోంది. పనిచేస్తోంది! పాప చెప్పినట్టల్లా చేసింది, బరువు నిలిచింది, పొడవు పెరిగింది, డాక్టరమ్మ మెచ్చుకున్నారు. గెలిచిన పిల్లను నిలబెట్టి ఓడిపోయావని చెప్పాం. ఆ రోజు నేను నోరు తెరిచి ఉంటే మా ఆయన నన్ను నాలుగు తిట్లు తిట్టేవాడు. అంతే కదా? నాలుగు తిట్లకు భయపడి పిల్లను బలి ఇచ్చేశాను.

పాప ఇప్పుడు సన్నగా ఉంటుంది. ఆఫీసులో ఉద్యోగం. చూసినవాళ్లు ఎంత బాగా తగ్గిందో అంటారు. మా ఇంట్లో మాకు తెలుసు అది ఎలా తింటుందో. కంచం ముందు కూర్చుని ముందు మమ్మల్ని అడుగుతుంది, పొద్దున నేనేం తిన్నాను అని. ఇడ్లీ తిన్నావు కదా అంటే, అంతేనా, ఇంకేమీ తినలేదా అని మళ్లీ అడుగుతుంది. ఆకలి వేస్తే తనకు నమ్మకం కలగదు. తన నోటి మీద, తన పొట్ట మీద, చివరికి తన జ్ఞాపకం మీద కూడా దానికి నమ్మకం లేదు. పుట్టుకతో వచ్చిన గుణమని మా ఆయన అంటాడు. నేను వింటూ కూర్చుంటాను.

కిందటి నెల పెళ్లికొడుకు భోజనానికి వచ్చాడు. మంచి పిల్లాడు. సుర్మాయి చేప ముక్కలు వడ్డిస్తుంటే, నువ్వెందుకు తినవని పాపను అడిగాడు. పాప నవ్వుతూ చెప్పడం మొదలుపెట్టింది. చిన్నప్పుడు తను పెద్ద తిండిదొంగట. నిద్రలో లేచి తినేదట. మూడు రోజుల్లో మూడు కిలోలు పెరిగి డాక్టర్‌కే దిమ్మ తిరిగేలా చేసిందట. మా ఆయన కూడా అందుకున్నాడు, తాళం వేసిన సంగతి, ఆసుపత్రి సంగతి. మా ఇంట్లో అది నవ్వుల కథ అయి ఎన్నేళ్లయిందో. పిల్లాడు పగలబడి నవ్వాడు.

నేనూ నవ్వాను.

నవ్వానండీ. అలవాటుగా నోరు తెరుచుకుంది, నవ్వొచ్చేసింది. ఆ నవ్వులోనే పాప అంది, పిల్లలు పుడితే మాత్రం వంటింటికి ముందుగానే తాళం కొనిపెట్టుకుంటానని, తన రక్తంలో ఉన్న దొంగబుద్ధి వాళ్లకు రాకుండా ఉంటుందా అని. పుట్టని పిల్లలు. ఇంకా పుట్టని పిల్లలకు కూడా నా కూతురు తాళం కొంటోంది.

ఆ రోజు నుంచి చెప్పాలని ఎన్నిసార్లు దాని దగ్గరకు వెళ్లానో. ఆఫీసు బట్టలు ఇస్త్రీ చేసుకుంటూ ఉంటుంది. ఏంటమ్మా అని తలెత్తుతుంది. టీ తాగుతావా అని అడిగి వచ్చేస్తాను. చెబితే ఏమవుతుంది? దొంగవు కాదని తెలిసి సంతోషిస్తుందా? లేక ఇన్నేళ్లూ దాని ఎదురుగా కూర్చుని అన్నం తిన్న మనిషి ఎవరా అని చూస్తుందా? రెండోదే భయం. ఈ వయసులో కూడా నాకు నా గురించే భయం.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. నేను తెలుగు మీడియంలో పది దాకా చదివాను. పాప హిందీ మీడియం. తెలుగు గడగడా మాట్లాడుతుంది గానీ ఒక్క అక్షరం చదవలేదు. ఈ కాగితాలు దాని బల్ల మీద పరిచి పెట్టినా దానికి ఏమీ అర్థం కాదు. రాయడం మొదలుపెట్టినప్పుడు ఈ సంగతి నాకు తట్టలేదని మీతో అందామనుకున్నాను. తట్టింది. తట్టింది కాబట్టే చెయ్యి ఆడింది.

కాబట్టి నాకు ధైర్యం వచ్చిందనుకోకండి. క్షమించమని మిమ్మల్ని అడగను, మీరు క్షమిస్తే నాకొరిగేదేమీ లేదు. ఒక్క మాట మాత్రం ఎక్కడో ఒకచోట నిజంగా రాసి ఉండాలి. ఆ మంగళవారానికీ ఆ శుక్రవారానికీ మధ్య నా కూతురు ఏమీ దొంగతనంగా తినలేదు. డాక్టరమ్మ చెప్పినవన్నీ మా ఇంట్లో అక్షరాలా పాటించింది అది ఒక్కతే. చాటుగా తిన్నది నేను. అబద్ధం ఆడింది నేను.

రాశాను. చాలా ఏళ్ల తర్వాత ఊపిరి నిండుగా ఆడుతోంది. పక్కగదిలో పాప ఫోనులో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతోంది. దానికి ఇంకా తెలియదు.